కట్టుడు నేర్చేటోళ్లు ముందు అడుగుడు నేర్వాలె
(సివిల్ డిప్లొమా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీర్‌ను కాదు, జర్నలిస్టును. సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు మీకు చెప్పేటంత చదువు నాకు లేదు. కట్టినవాటి దగ్గరికి పోయి, వాటిని వాడేటోళ్లతో మాట్లాడటమే నా పని. ఒకసారి వార్త కోసం ఒక సర్కారు బడికి పోయాను. ఆడపిల్లలకు కొత్తగా మరుగుదొడ్డి కట్టారు. గోడ నిటారుగా ఉన్నది. స్లాబు గట్టిగా ఉన్నది. నీళ్ల పైపు మాత్రం లేదు. తలుపుకు తాళం పడ్డది. పిల్లలు బడికి వచ్చే ముందు నీళ్లు తాగుడే మానుకున్నారు. దాన్ని కట్టించినాయనకు చదువు లేదా? ఉన్నది. వాడేటోళ్లను ఒక్క మాట అడగాలన్నది మాత్రం ఆ చదువులో లేదు.

అందుకే చెబుతున్నాను. నిర్మాణం చదివేటోళ్లు చదువుకునే రోజుల్లోనే, పైసలు పెట్టుకోలేని జనానికి ఒక్క పనైనా చేసి ఇవ్వాలె. దానికి మార్కులూ ఉండాలె.

ఇది కొత్త ముచ్చట కాదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ విద్యార్థులు 1967లో, చార్లెస్ మూర్ ఆధ్వర్యంలో, కెంటకీలోని ఒక పల్లెలో కమ్యూనిటీ హాలు కట్టారు. 1993లో అలబామాలోని ఆబర్న్ యూనివర్సిటీలో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అనే అధ్యాపకులు ‘రూరల్ స్టూడియో’ మొదలుపెట్టారు. విద్యార్థులను హేల్ కౌంటీ పల్లెల్లోనే ఉంచి పని నేర్పారు. అక్కడ గుడిసెలో ఉంటూ మనుమలను సాకుతున్న ఒక ముసలి జంటకు, 1994లో, గడ్డి కట్టలు పేర్చి మీద ప్లాస్టరింగ్ చేసి ఇల్లు కట్టి ఇచ్చారు.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న ఉన్నది. విద్యార్థుల చెమటకు కూలి లేదు. అదే ఇల్లు మేస్త్రి కడితే ఎంతయితది? కూలి లెక్క కట్టకుండా ఇల్లు చవక అంటే అది అబద్ధమే కదా! రూరల్ స్టూడియో 2005లో ఇరవై వేల డాలర్ల ఇల్లు అనే పని పెట్టుకున్నది. సామానుకు సుమారు 12 వేలు. మిగిలినది కూలికి, కాంట్రాక్టరు లాభానికి. ధరలు పెరిగి ఆ అంకె నిలవలేదు. కానీ పేదోని ఇంటి లెక్కలో కూలోని కడుపు కూడా ఉండాలన్న పాఠం నిలిచింది.

మన దగ్గర సంగతేమిటి? జాతీయ సేవా పథకం 1969 నుంచి ఉన్నది. వలంటీరుకు ఏడాదికి 120 గంటల సేవ. గంటలకు కొదవ లేదు. ఆ గంటల్లో సివిల్ విద్యార్థి చీపురు పట్టి, మొక్క నాటి, ఫొటో దిగి వస్తున్నాడు. చీపురు పట్టుడు తప్పు కాదు. కానీ నువ్వు నేర్చిన విద్య ఎవరికి పనికొచ్చినట్టు? ర్యాంపు వాలు 1:12 అని పుస్తకంలో చదువుతారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఒక్కసారి నిటారు ర్యాంపు మీద తోసి చూడండి. ఆ లెక్క ఇక మరిచిపోరు. బడికి ర్యాంపు, బోరింగు దగ్గర ఇంకుడుగుంత, కురిసే స్లాబుకు మరమ్మతు. మొదలుపెట్టడానికి ఇవి చాలవా?

నాలుగు షరతులు మాత్రం మరువొద్దు. ఒకటి, గీత గీసే ముందు వాడేటోళ్లను అడగాలె. రెండు, బరువు మోసే ఏ పనైనా అనుభవమున్న ఇంజనీరు చూసి ఒప్పుకోనిదే చెయ్యొద్దు. పేదల ఇల్లు మన ప్రయోగశాల కాదు. మూడు, సుతారి మేస్త్రిని గురువుగా పిలవాలె. ఆయనకు కూలి ఇవ్వాలె. మన సేవ అడ్డా మీద నిలబడ్డ కూలీల పని గుంజుకోవద్దు. నాలుగు, ఒక వానకాలం గడిచినంక మళ్లీ పోయి చూడాలె. పగులు వస్తే మనమే బాగు చెయ్యాలె.

మిత్రులారా! పట్టా చేతికొచ్చే నాటికి మీరు కట్టిన ర్యాంపు మీద ఒక్క పిల్లైనా తనంతట తాను తరగతిలోకి పోవాలె. ఆ పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. మీ ఊరి బడి దగ్గరే మొదలుపెట్టండి.