వార్ధక్యమున వ్యాయామము



బాలురును వృద్ధులును వ్యాయామమును వర్జింపవలెనని వాగ్భటాచార్యుఁడు అష్టాంగహృదయమున విధించెను. నేను 30 యేండ్లు బడిలో నీ మాటనే బోధించితిని. కాళ్ళు సడలిన మా తండ్రిగారిని సయితము తిరుగవలదని చెప్పి మంచముపైఁ గూర్చుండఁబెట్టితిని. తుదకు వారు లేవనేలేకపోయిరి.

అమెరికాదేశమున బోస్టను నగరమందలి యొక వృద్ధశుశ్రూషాలయములో ఫియాటరోన్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 90 యేండ్ల ప్రాయపు దుర్బలులను పదిమందిని ఎన్నుకొని, వారానికి మూఁడుమాఱులు కాళ్ళతో బరువులెత్తించిరి. మొదటివారము ఎత్తఁగలిగినదానిలో సగమే. ఇది బలవంతులకు వాగ్భటుఁడు చెప్పిన అర్ధశక్తి నియమమే కదా! పిమ్మట నూటికి 80 పాళ్ళు. తొమ్మండుగురు ఎనిమిది వారములు నిలిచిరి. వారి కాలిబలము సగటున నూటికి 174 వంతులు హెచ్చెను. ఇరువురు చేతికఱ్ఱను విడిచి నడిచిరి! ఈ వృత్తాంతము 1990లో అమెరికా వైద్యసంఘపత్రికలోఁ బ్రకటితమైనది.

అయితే అభ్యాసము మానిన నాలుగు వారములకే బలము మరలఁ దగ్గసాగెను. అచ్చట అభ్యాసమునకుఁ బర్యవేక్షకులుండిరనుటయు మఱవరాదు.

శాస్త్రము నెడ నా గౌరవము తగ్గలేదు. నా పాఠమును మాత్రము సవరించుకొంటిని. వైద్యుని యనుమతితో ఇప్పుడు నేను దినమునకుఁ బదిమాఱులు చేతులానకుండఁ గుర్చీనుండి లేచుచున్నాను.