మా యమ్మ వంటల పుస్తకము

నా కుమార్తె అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రములోని సాన్ ఆంటోనియో నగరమున కాపురమున్నది. గడచిన యుగాదికి వారము దినములు ముందు, ఒకనాటి రాత్రి టెలిఫోను చేసి, "నాన్నగారూ, నాయనమ్మ చేసే పోళీలు ఎలా చేయాలో చెప్పండి" అని యడిగినది. నేను సుమారు నలువదేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. ఛందస్సు అడిగిన చెప్పగలను. సంధి కార్యము అడిగిన చెప్పగలను. పోళీలు తినుటయే గాని చేయుట యెఱుగను. నా భార్య బొబ్బట్లు చక్కగా చేయును. అయినను అవి అత్తగారి పోళీలు కావని ఆమెయే యొప్పుకొనును.

ఆ మఱునాడు అటకమీది పెట్టె దింపించితిని. మా యమ్మ 2011 లో గతించినది. ఆమె వస్తువులు కొన్ని ఆ పెట్టెలో నాటినుండి అట్లే యున్నవి. వానిలో అట్ట యూడిపోయిన నోటుపుస్తక మొకటి కలదు. అది ఆమె వంటల పుస్తకమని మే మందఱమును ఎఱుగుదుము. తెఱచి చదివినవాడు మాత్రము లేడు. చదువకపోవుటకు కారణము, అది తమిళాక్షరములలో నున్నది. భాష మాత్రము తెలుగు.

శ్రోతలకు ఇది వింతగా తోపవచ్చును. మా యమ్మ పుట్టినిల్లు కుంభకోణమునకు సమీపమున, కావేరి యొడ్డున నొక పల్లె. తంజావూరు సీమలో తెలుగు వారి నివాసము నేటిది కాదు. 1532 ప్రాంతమున మొదలైన నాయకరాజుల యేలుబడిలో అక్కడి కొలువు భాష తెలుగై యుండెను. రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగు కవి. తరువాత 1676 ప్రాంతమున మహారాష్ట్రులు రాజ్యమునకు వచ్చిరి. వారిలో శాహజీ మహారాజు, తన యింటి భాష మరాఠీ యైనను, తెలుగున యక్షగానములు రచించెను. త్యాగరాజస్వామి తిరువయ్యారున కూర్చుండి పాడినది తెలుగే కదా! ఆ కాలమున అక్కడ కుదురుకొన్న కుటుంబములలో మా మాతామహుల కుటుంబ మొకటి. ఇంట తెలుగు, వీథిలో తమిళము. బడి కూడ తమిళమే. కనుక మా యమ్మకు అక్షరములు తమిళములు, మాటలు తెలుగువి. 1956 లో పెండ్లియై నెల్లూరు జిల్లాలోని మా పల్లెకు వచ్చినది. ఆ తరువాత ఏబదియైదేండ్లు తెలుగు దేశముననే బ్రదికినను, వ్రాయవలసి వచ్చినపుడు ఆమె చేయి చిన్ననాటి యక్షరములనే వెదకికొనెడిది. నేను వేలకొలది పిల్లలచేత ఓనమాలు దిద్దించితిని. మా యమ్మచేత దిద్దింపలేదు. ఆ తలంపైనను నాకు రాలేదు.

తలంపు రాకపోవుటయే గాదు, అంతకంటె నెక్కువయే చేసితిని. 1981 లో భాషాప్రవీణ పరీక్షలో నుత్తీర్ణుడనై యింటికి వచ్చిన సంవత్సరము యుగాదినాడు, మా యమ్మ పోళీలు చేయుచుండెను. వంటయింటి గడప కడ కూర్చున్న మా చెల్లెలితో, "పూరణం ఇంకా ఆరలేదు, ముట్టుకోకు" అన్నది. నేను వసారాలోనుండి, "పూరణమేమిటమ్మా, పూర్ణము అనవలెను. అరవము కలిపి మాటాడిన తెలుగు పాడగును" అని గట్టిగా పలికితిని. అప్పటికి బంధువులు నలుగురు కూర్చుండి యుండిరి. వారు నవ్విరి. కొత్త పండితుడు గదా, నాకును సంతోషముగనే యుండెను. ఆమె యేమియు అనలేదు. అప్పటినుండి నా యెదుట "పూర్ణము" అనియే యనెడిది. కొత్తిమిరిని కొత్తమల్లి యనుటయు, ఇట్టివే మఱికొన్ని మాటలును క్రమముగా మానుకొన్నది. నేను లేనపుడు మా చెల్లెలితో పాతరీతినే మాటాడెడిదని చాలకాలమునకు తెలిసినది.

ఇప్పుడు శాస్త్రము చెప్పుదును. పూర్ణమనగా నిండినది. పూరణమనగా నింపుట, నింపెడు వస్తువు. కుండ పూర్ణము కావచ్చును, చంద్రుడు పూర్ణుడు కావచ్చును. పోళీలోపల పెట్టెడి ముద్ద పూరణమే యగును. పోళీ పూర్ణమగును, అది వేఱు సంగతి. మహారాష్ట్రులు నేటికిని "పురణపోళి" యనియే యందురు. లోకవ్యవహారమున పూర్ణము స్థిరపడినది గనుక దానిని తప్పనుటకు నాకు అధికారము లేదు. కాని ఆనాడు వసారాలో కూర్చున్న పండితునికంటె వంటయింటిలో నిలుచున్న యామెయే ధాతువునకు దగ్గఱగా నుండెను. కొత్తమల్లియు నంతే. సంస్కృతమున "కుస్తుంబరి" యని యొక మాట కలదు. కన్నడమువారి కొత్తంబరి, తమిళుల కొత్తమల్లి, మన కొత్తిమిరి మూడును దాని సంతతియే. ఒకే తల్లి బిడ్డలలో ఒకదానిని మంచిదనియు వేఱొకదానిని చెడ్డదనియు నేనే తీర్పు చెప్పితిని.

ఈ భక్ష్యమునకు ఎన్ని పేళ్లున్నవో చూడుడు. కోస్తా జిల్లాలలో బొబ్బట్లు. రాయలసీమలో ఓళిగలు. తెలంగాణమున పోలెలు, భక్ష్యాలు. కన్నడమున హోళిగె, ఒబ్బట్టు. ఇన్ని పేళ్లలోను పప్పుడికించిన నీటిని పాఱబోయు ఇల్లాలు మాత్రము లేదు. మనము ఆ నీటిని కట్టు అందుము. దానితో చారు కాతుము. మహారాష్ట్రులు "కట" యని పిలిచి, దానితో "కటాచీ ఆమటి" చేయుదురు. కన్నడమువారికి ఒబ్బట్టు సారు. తీపితో బాటు ఘాటుగా నొకటి యుండవలె ననెడి నాలుక ధర్మము ఇన్ని భాషలలోను ఒకటియే. మా యమ్మ పుస్తకములో కూడ పోళీలు, కట్టుచారు ఒకే పుటలో నున్నవి. ఈ సంగతి జ్ఞాపక ముంచుకొనుడు. మఱల దీనికి వత్తును.

పుస్తకము చేతికి వచ్చినది, చదువుట యెట్లు? పొరుగున తమిళ మెఱిగినవారు లేకపోలేదు. కాని మా యమ్మ వ్రాత మఱొకరిచేత చదివించుటకు మనసొప్పలేదు. తమిళ బాలశిక్ష యొకటి తెప్పించికొని, అఱువది దాటిన తరువాత మఱల అక్షరాభ్యాసము చేసికొంటిని. మూడు వారములకు అక్షరములు పట్టువడినవి. అప్పటికి యుగాది దాటిపోయినది. అమ్మాయి ఆ సంవత్సరమునకు బజారు మిఠాయితో సరిపెట్టుకొన్నది.

అక్షరములు వచ్చినను చదువు సాగలేదు. తమిళలిపిలో క-గ లకు ఒకటే యక్షరము. త-ద లకును, ప-బ లకును అంతే. తమిళమునకు అది లోపము కాదు. ఏ చోట పరుషము పలుకవలెనో, ఏ చోట సరళము పలుకవలెనో ఆ భాష పుట్టుకతోనే నేర్పును. తెలుగును ఆ లిపిలో వ్రాసినపుడు మాత్రము ఆ యేర్పాటు చెడును. కొబ్బరి కొప్పరి యగును. బెల్లము పెల్లమగును. ఒకచోట "పూరణం కందలా రుబ్బాలి" యని చదివి, కందదుంపతో పోలికయేమిటని రెండు దినములు ఆలోచించితిని. మూడవనాడు నా భార్య విని, "కంద కాదండీ, గంధం. గంధంలా మెత్తగా రుబ్బాలి" అని నవ్వినది. పండితుడు తమిళాక్షరములు నేర్చినాడు. అర్థము వంట తెలిసిన యామె చెప్పినది.

కొలతలు మఱియొక చిక్కు. 1956 నాటి చట్టముతో గ్రాములు, లీటర్లు వచ్చినను, మా యమ్మ పడి, ఉళక్కు, ఆళాక్కు లతోనే లెక్క వేసినది. పడిలో నాల్గవ వంతు ఉళక్కు, ఎనిమిదవ వంతు ఆళాక్కు. ఉళక్కు శనగపప్పునకు ఉళక్కు బెల్లపుతురుము. పిండిలో చిటికెడు పసుపు. నాలుగు ఏలకులు, కొంచెము జాజికాయ. పిండి కలిపి, నూనెలో మునుగునట్లు మూడు గంటలు నాననీయవలెను. అరిటాకుమీద వత్తవలెను. సమభాగములే గనుక, ఉళక్కునకు బదులు గిన్నెయో లోటాయో యేదైన నొకటి పెట్టుకొమ్మని అమ్మాయికి చెప్పితిని.

అమ్మాయి యింటి ప్రక్క మెక్సికో దేశీయురాలగు ఒక వృద్ధురాలున్నది. పోళీలు చేయుటకు మొదటిసారి పూనుకొన్ననాడు, మిక్సీలో పూరణము జిగురైపోయినదట. అది చూచి ఆ ముసలమ్మ తన యింటినుండి ఒక రాయి తెప్పించి యిచ్చినది. అమ్మాయి టెలిఫోనులో దాని బొమ్మ చూపగానే నేనును నా భార్యయు నొక్కసారిగా "సన్నికల్లు!" అంటిమి. మూడు కాళ్లున్నవి, కొంచెము వాలుగా నున్నది, అంతే భేదము. పైన పొత్రము సైతము కలదు. దానిని వారు "మెటాటే" యందురు. మొక్కజొన్నలను సున్నపు నీటిలో ఉడికించి నానబెట్టి, ఆ రాతిమీద నూఱి రొట్టెలు చేయుట వారి పూర్వుల నాటి పద్ధతి. సున్నము మనకు తాంబూలమునకు వచ్చినది, వారికి రొట్టెకు వచ్చినది.

ఆ ముసలమ్మ మిరపకాయను "చిలే" యన్నదట. అది స్పెయిను వారి మాట కాదు. అంతకు ముందే ఆ దేశమున నున్న నావాతల్ భాషలోని మాట. టమాటా యనునదియు ఆ భాషలో పుట్టినదే. మిరపకాయ మనకు పోర్చుగీసు ఓడలమీద పదునాఱవ శతాబ్దిలో వచ్చినది. శ్రీనాథుడు దానిని కనివినియెఱుగడు. ఆయన యెఱిగిన ఘాటు మిరియమే. అది వచ్చినపుడు మన దక్షిణదేశపు భాషలు చేసిన పని యొకటియే. మిరియము వలె మండినది గనుక మనము మిరపకాయ యంటిమి. తమిళులు మిళగు చూచి మిళగాయ యనిరి. కన్నడమువారు మెణసు చూచి మెణసినకాయ యనిరి. ఒకరినొకరు అడుగకయే మువ్వురును క్రొత్త చుట్టమునకు పాత చుట్టము పేరే పెట్టిరి. బంగాళాదుంప కట్లు జరుగలేదు. కోస్తావారు అది వచ్చిన దిక్కు చెప్పిరి. తెలంగాణము వారు ఉత్తరాది ఆలువును గ్రహించి ఆలుగడ్డ యనిరి. మా నెల్లూరికి దిగువన, రాయలసీమలోను, తమిళమువారి ఉరుళైక్కిళంగు ఉర్లగడ్డ యయినది. మా తరగతిలో ఉర్లగడ్డ యని వ్రాసిన బాలునికి నేను మార్కు తగ్గించిన దినములు కలవు. ఆ బాలుడిప్పు డెక్కడున్నాడో!

ఇక ఆ పుట సంగతి. పోళీలు, కట్టుచారు ముగిసిన తరువాత, పుట చివర వేఱొక సిరాతో చిన్న యక్షరములలో నొక పంక్తి కలదు. అది వంటకు సంబంధించిన పంక్తి కాదు. క్రింద తేదీ మాత్రమున్నది: 1981 సంవత్సరపు యుగాది. నేను పూర్ణము దిద్దిన యుగాది అదియే. మొదట చదివినపుడు, "వాడికి కారం ఎక్కువైంది" అని చదివితిని. ఆనాటి కట్టుచారు ఘాటెక్కియుండును, నేను నీళ్లు త్రాగియుందును, మఱల చేయునపుడు మిరపకాయలు తగ్గింపవలెనని గుర్తు వ్రాసికొన్నది అనుకొంటిని. ఆమె యట్లు వ్రాసికొనుట కలదు. ఇతర పుటలలో "ఉప్పు తక్కువ", "ఈయనకు పులుపు పడదు" వంటివి చాల నున్నవి.

రాత్రి పడుకొన్న తరువాత స్ఫురించినది. క-గ లకు ఒకటే యక్షరము. కారమని చదివినది గారము కూడ కావచ్చును. "వాడికి గారం ఎక్కువైంది." ఆ మాట మా యమ్మ నోట తఱచుగా నుండెడిదే. మా చెల్లెలు అన్నము ముందు మారాము చేసిన ప్రతిసారియు అనెడిది.

లేచి దీపము వేసి మఱల చూచితిని. అక్షరము అదియే. పైపంక్తులలో మిరపపొడి యున్నది గనుక కారమగును. తేదీ చూచిన గారమగును. నా భార్యను లేపి యడిగితిని. కందకును గంధమునకును వెంటనే తీర్పు చెప్పిన ఆమె, ఆ పంక్తి కొంతసేపు చూచి, "పడుకోండి, ప్రొద్దుపోయింది" అన్నది.

వారము దినములలో ఆ పుటయంతయు తెలుగు లిపిలో శుభ్రముగా నెత్తివ్రాసి అమ్మాయికి పంపితిని. పూరణము అనియే వ్రాసితిని. కొలతలకు ప్రక్కన వివరము లిచ్చితిని. చివరి పంక్తికి వచ్చునప్పటికి కలము ఆగినది. దానిని మాత్రము మా యమ్మ వ్రాసినట్లే, ఆ తమిళాక్షరములతోనే చూచి వ్రాసితిని. అమ్మాయి అది యేమని టెలిఫోనులో అడిగినది. ముందు పోళీలు చేయుమని చెప్పితిని.