వాహ్ వా నుండి లైకు వరకు

(సంఘ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఉర్దూ మీడియం. చదువు చెప్పేది కూడా ఉర్దూ మీడియం బడిలోనే. ఇవాళ మాత్రం తెలుగులో మాట్లాడమని కార్యదర్శి సాబ్ హుకుం చేశారు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియంలలో చదువుతున్నారు గనుక ఆ హుకుం న్యాయమైనదే. మాటల్లో తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మాఫ్ చేయండి.

నాకు ఇచ్చిన విషయం, ఫోనులో ‘లైకు’ నొక్కడం వల్ల లాభమెంత, నష్టమెంత అని. ఇదీ ఒక విషయమేనా అని కొందరు నవ్వవచ్చు. కాని ఆ చిన్న బొటనవేలు గుర్తును నమ్ముకొని మన మధ్యనే ఒక పిల్లవాని చదువు ఏడాది వెనుకబడింది. ఆ తప్పులో నాకూ భాగమున్నది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

లైకు కొత్తదే గాని మెచ్చుకోవడం పాతదే. నా చిన్నతనంలో ఉర్సులప్పుడు మా అబ్బాజాన్ వెంట ముషాయిరాలకు పోయేవాణ్ణి. షాయరు మొదటి మిస్రా చదవగానే సభ అంతా చెవులు రిక్కించేది. రెండవ మిస్రాలో మాట వచ్చి గుండెకు తగిలిందంటే నాలుగు దిక్కుల నుంచి ‘వాహ్ వా’, ‘సుబ్హానల్లాహ్’! మళ్లీ వినాలనిపిస్తే ‘ముకర్రర్, ముకర్రర్’ అనేవారు. షాయరు వంగి ఆదాబ్ చేసి ఆ షేరు మళ్లీ చదివేవాడు. మన తెలుగు సోదరుల పద్యనాటకాల్లోనూ ఇంతే గదా! కృష్ణ రాయబారంలో పద్యం రక్తి కడితే ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవారు. కృష్ణుడు రాయబారం ఆపి మరీ పద్యం మళ్లీ పాడేవాడు.

ఈ మెచ్చుకోలును ఉర్దూలో ‘దాద్’ అంటారు. పారసీలో ఆ మాటకు అసలు అర్థం న్యాయం. తెలుగులో కూడా ‘దాదూ ఫిర్యాదూ లేదు’ అంటారు చూడండి, ఆ దాదు ఇదే. అంటే షాయరుకు దాద్ ఇవ్వడమంటే అతనికి దానం చేయడం కాదు, న్యాయం చేయడం. మరి న్యాయమూర్తి కేసు వినకుండా తీర్పు చెబుతాడా? ముందు వినాలి, తరువాత చెప్పాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే లైకు మంచి చెడ్డలు రెండూ తెలిసిపోతాయి.

ఫేస్‌బుక్ వారు ఈ లైకు మీటను 2009 ఫిబ్రవరిలో పెట్టారు. మన వాట్సాప్ గ్రూపుల్లో సందేశం మీదనే గుర్తు పెట్టే సౌకర్యం 2022లో వచ్చింది. దీని లాభాలు మొదట చెప్పాలి, లేకపోతే నేనే అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఆ ముషాయిరాలను మా అమ్మీ కూడా పరదా వెనుక కూర్చుని వినేది. మరునాడు రొట్టెలు చేస్తూ ఆ షేర్లు తప్పు లేకుండా మాకు వినిపించేది. మా అబ్బాజాన్ కన్నా ఆమెకే ఎక్కువ అర్థమయ్యేవని నా నమ్మకం. కాని ఆమె వాహ్ వా ఏ షాయరు చెవినా పడలేదు. ఇవాళ మా చెల్లెలు ఇంట్లో కూర్చునే తన మెచ్చుకోలు రాసినవారికి చేరవేస్తున్నది. నోరు విప్పడానికి సిగ్గుపడేవారికి, రాయడం రానివారికి, దూరదేశంలో కూలికి పోయినవారికి ఈ గుర్తు ఒక నోరు ఇచ్చింది. ఇది చిన్న లాభం కాదు.

రెండవది, అది మంచి రసీదు. ‘ఆదివారం పది గంటలకు మీటింగు’ అని పెడితే ఎవరెవరు చూశారో గుర్తులను బట్టి తెలుస్తుంది. లేకపోతే అరవై మంది ‘సరే’ అంటూ పోతే అసలు సంగతి ఎక్కడో పైన మునిగిపోతుంది.

ఇక నష్టాలు. ముషాయిరాలో వాహ్ వా అనేవాడు ఎదురుగా కూర్చుని, విని అనేవాడు. ఇక్కడ చదవకుండానే నొక్కవచ్చు. ముషాయిరాలో మౌనం కూడా ఒక జవాబే. షాయరు దాన్ని అర్థం చేసుకొని గజలును దిద్దుకునేవాడు. ఫోనులో మౌనమంటే బాగలేదనా, చూడలేదనా? ఎవరికీ తెలియదు.

పైగా ఇక్కడ లెక్క కనబడుతుంది. లెక్క కనబడితే మనిషి గుంపును చూసి నడుస్తాడు. 2013లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. ఒక వెబ్‌సైటులో జనం రాసిన లక్షకు పైగా వ్యాఖ్యలు తీసుకొని, వాటిలో కొన్నిటికి, మంచిదా చెడ్డదా అని చూడకుండానే, పరిశోధకులే మొదటి మెచ్చుకోలు గుర్తు వేశారు. చివరకు వాటికి వచ్చిన మార్కులు సగటున 25 శాతం పెరిగాయి. ముందు వరుసలో తన శాగిర్దులను కూర్చోబెట్టి వాహ్ వా అనిపించుకునే షాయరు కిటుకు ఇదే! ఈ లెక్క మంచిది కాదేమోనని ఇన్‌స్టాగ్రామ్ వారు కూడా 2019లో కొన్ని దేశాల్లో దాన్ని దాచి చూశారు. ఇష్టమున్నవారు దాచుకునే వీలు 2021లో ఇచ్చారు.

మా బడిలో తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె చిన్న గజల్ రాసింది. వాళ్ల నాన్న సంతోషపడి దాన్ని గ్రూపులో పెట్టాడు. ఆరు లైకులు వచ్చాయి. అదే రోజు ఎవరో కొత్త మోటారు సైకిలు ఫోటో పెడితే ఎనభై వచ్చాయి. మరునాడు ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “సార్, ఆరే వచ్చినయ్. బాగలేదా?” అని అడిగింది. నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు. సిగ్గుపడి అప్పుడు కూర్చుని చదివాను. మూడవ షేరులో బహర్ తప్పింది, చెప్పాను. ఒక కాఫియా ఎంతో అందంగా కుదిరింది, అదీ చెప్పాను. ఆ పిల్ల ముఖం వెలిగింది. ఇప్పటికీ రాస్తున్నది. ఎనభై గుర్తులు చేయలేని పని చదివి చెప్పిన రెండు మాటలు చేశాయి.

ఎవరూ చప్పట్లు కొట్టనంత మాత్రాన కవి లేనట్టేనా? నైజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు మాట వచ్చింది. మన పాలమూరు జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ మాటకు కోపంతో నాలుగు కేకలు వేసి ఊరుకోలేదు. కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. తెప్పించి, చదివి, అచ్చువేసి లోకానికి చూపించారు. దాద్ ఇవ్వడమంటే అది. దానికి శ్రమ కావాలి.

ఇప్పుడు మొదట చెబుతానన్న సంగతి. పోయిన సంవత్సరం మనకు తెలిసిన ఒక పేద కుర్రవానికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. దూరపు ఊరు. హాస్టలుకు, మెస్సుకు ముందుగా డబ్బు కట్టాలి, నాలుగు రోజులే గడువు. ఎవరో దయతో ఆ సంగతి గ్రూపులో పెట్టారు. నలభై ఒక్క గుర్తులు పడ్డాయి. బొటనవేళ్లు, గుండెలు, దువా చేసే చేతులు. ఆ చేతుల్లో ఒక జత నాది. నొక్కి, మంచి పని చేశానన్న తృప్తితో పడుకున్నాను. అందరూ అలాగే అనుకున్నట్టున్నారు. ఇంతమంది ఉన్నారు గదా, ఎవరో ఒకరు ఇస్తారులే అని. గడువు దాటిపోయింది. రెండు వారాలకు అస్ర్ నమాజు తరువాత ఆ తండ్రి కలిశాడు. కోపం చేయలేదు. “సార్, నలభై మంది బాగుందన్నరంట గదా. పైసలు ఎప్పుడొస్తయో అని మావాడు రోజూ ఫోను చూసిండు” అన్నాడు. కుర్రవాడు అప్పటికే మెకానిక్ షాపులో చేరాడు.

సోదరులారా, ఆ రాత్రి గ్రూపులో ఒక్క గుర్తూ పడకపోయినా బాగుండేది. ఆ తండ్రి ఆశ పెట్టుకోక ఇంకో నాలుగు గడపలు తొక్కేవాడు. మన గుర్తులే అతన్ని ఇంట్లో కూర్చోబెట్టాయి. అతనికి దాదూ లేదు, ఫిర్యాదూ లేదు. ఆ అబ్బాయి చేత ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టించాము. ఖర్చుల చిట్టాలో మొదటి పేరు నాది. ఇది గొప్పకు చెప్పడం లేదు, బాకీ తీర్చుకుంటున్నాను.

కాబట్టి సంఘ సభ్యులకు నా మనవి మూడే మాటలు. కబురు అందిందని చెప్పడానికి గుర్తు పెట్టండి, తప్పులేదు. పిల్లలు ఏదైనా రాస్తే, గీస్తే, గుర్తుతో సరిపెట్టక చదివి, చూసి, ఏది బాగుందో ఒక్క వాక్యం చెప్పండి. ఎవరైనా సహాయం అడిగితే మాత్రం అక్కడ గుర్తులు వద్దు. ఇవ్వగలిగితే ఎంతో రాయండి. డబ్బు లేకపోతే ‘నేను వెంట వస్తాను’, ‘ఫలానా ఆఫీసులో అడుగుతాను’ అని రాయండి. ఏదీ చేయలేకపోతే దువాను మనసులో చేసుకోండి. అది అల్లాహ్‌కు వినబడుతుంది, ఫోనులో కనబడనక్కరలేదు.

 ఈ ప్రసంగం నచ్చితే చప్పట్లు కొట్టకండి. బయట మేజా మీద విద్యానిధి రసీదు పుస్తకం పెట్టి ఉంది, పోతూ పోతూ దాన్ని ఒకసారి తెరవండి. నాకు అదే దాద్.