పెంట గుమ్మం బాగుచేసేది ఎవరు?

(రాయపురంలో తెలుగు యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రజారోగ్యం గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఆ మాట వినగానే మనకు డాక్టరు, మందులు, ఉచిత వైద్య శిబిరం గుర్తుకొస్తాయి. మన సంఘాల్లో ఏడాదికోసారి కంటి పరీక్షలు, షుగరు పరీక్షలు పెడుతుంటారు. అది మంచి పని, ఆగకూడదు. అయితే జబ్బు చేశాక చేసేది వైద్యం. జబ్బు రాకుండా ఊరిని కాపాడుకోవడం ప్రజారోగ్యం. వైద్యం ఒక్కొక్కరికీ విడివిడిగా అందుతుంది. ప్రజారోగ్యం వీధి మొత్తానికి ఉంటుంది, లేకపోతే వీధి మొత్తానికీ ఉండదు. మీ ఇంట్లో ఎంత శుభ్రంగా ఉన్నా పక్క సందులో మురుగు పొంగితే దోమకు గోడ అడ్డం కాదు.

ఆసుపత్రులకు దగ్గరగా ఉండటమే ఆరోగ్యమైతే రాయపురం వాళ్లంత ఆరోగ్యవంతులు చెన్నైలో ఉండకూడదు. 1856లో దక్షిణ భారతదేశపు మొదటి ప్రయాణికుల రైలు ఈ రాయపురం స్టేషను నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. ఆర్.ఎస్.ఆర్.ఎం. ప్రసూతి ఆసుపత్రి ఇక్కడే ఉంది. తండయార్‌పేటలో అంటువ్యాధుల ఆసుపత్రి ఉంది. కూతవేటు దూరంలో స్టాన్లీ ఆసుపత్రి ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు గంజి పోసిన సత్రమే దానికి మూలం. అందుకే పాతతరం వాళ్లు దాన్ని తమిళంలో 'కంజి తొట్టి ఆసుపత్రి' అనేవారు. ముందు తిండి, తర్వాత మందు అన్న సంగతి ఆ పేరులోనే ఉంది.

ఇన్ని ఆసుపత్రుల మధ్య ఉన్నా, 2020 మే నెలలో చెన్నైలోని 15 జోన్లలో కరోనా కేసులు ఎక్కువగా వచ్చిన వాటిలో రాయపురం ముందు వరుసలో నిలిచింది. కారణం వెతకడానికి పరిశోధన అక్కర్లేదు. ఒకే గదిలో ఐదారుగురు పడుకునే ఇళ్లు, నాలుగు కుటుంబాలకు ఒక మరుగుదొడ్డి, వీధి కొళాయి దగ్గర బిందెల వరస. దూరం పాటించమని చెప్పారు. దూరంగా ఉండటానికి చోటేదీ?

కరోనా పోయింది, కానీ మిగతావి పోలేదు. కొబ్బరి చిప్పలో, పాత టైరులో నిలిచిన వాన నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. చెత్త పేరుకుంటే ఎలుకలు పెరుగుతాయి. ఎలుక మూత్రం కలిసిన వాన నీటిలో పగిలిన కాలితో నడిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ప్లాస్టిక్ అడ్డుపడి కాలువ పొంగితే, పక్కనే ఉన్న మంచినీటి గొట్టంలోకి మురుగు దిగుతుంది. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. ఈ గొలుసును మొదటి కొక్కెం దగ్గరే తెంచేవాళ్లు ఒకరున్నారు. తెల్లకోటు వేసుకున్న డాక్టరు కాదు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చే అక్క.

ఆ అక్క ఎవరు? చాలాసార్లు మన అక్కే. మద్రాసు కార్పొరేషన్ 1688 నాటిది. ఈ నగరపు పాయిఖానాలు, కాలువలు, వీధులు శుభ్రం చేయడానికి తెలుగు జిల్లాల నుంచి దళిత కుటుంబాలు తరతరాలుగా వచ్చాయి. ఉత్తర చెన్నైలో ఇప్పటికీ వాళ్ల వాడలున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆదివారం ఉదయం పని ముగించుకుని, స్నానం చేసి, తలమీద చెంగు కప్పుకుని ఆరాధనకు వచ్చేవాళ్లు వాళ్లలో ఎందరో. వాళ్ల చేతుల వల్ల నగరానికి ఆరోగ్యం. వాళ్లకు మాత్రం దగ్గు, చర్మం మీద దురద, నడుం నొప్పి.

ఇప్పుడు 2025 ఆగస్టు సంగతికి వద్దాం. చెన్నైలో చాలా జోన్ల పారిశుద్ధ్యం అప్పటికే ప్రైవేటు సంస్థల చేతికి వెళ్లింది. మిగిలిన వాటిలో ఐదో జోను రాయపురాన్ని, ఆరో జోను తిరు.వి.క. నగర్‌ను కూడా ఒక సంస్థకు అప్పగించారు. జాతీయ పట్టణ జీవనోపాధి పథకం కింద ఏళ్ల తరబడి పనిచేస్తున్న కార్మికులను ఆ సంస్థలో చేరమన్నారు. చేతికి వస్తున్న సుమారు 23 వేల రూపాయల జీతం 17 వేల లోపుకు పడిపోతుందని కార్మికులు చెప్పారు. పనిని పర్మనెంటు చేయమన్నది వాళ్ల పాత కోరిక. ఆగస్టు 1 నుంచి కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ బయట వందలాది మంది కూర్చున్నారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. ఎండలో, వానలో, ఫుట్‌పాత్ మీదే తిండి, అక్కడే నిద్ర. 13వ తేదీన అక్కడినుంచి వాళ్లను తొలగించాలని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. ఆ అర్ధరాత్రి పోలీసులు వాళ్లను బస్సుల్లో ఎక్కించి తీసుకెళ్లారు.

మర్నాడు తమిళనాడు ప్రభుత్వం పారిశుద్ధ్య కార్మికులకు కొన్ని పథకాలు ప్రకటించింది. ఆ జాబితాను జాగ్రత్తగా చూడండి. ఉదయం పూట ఉచిత అల్పాహారం. పని వల్ల వచ్చే ఊపిరితిత్తుల, చర్మ వ్యాధులకు ప్రత్యేక వైద్య పథకం. పనిలో చనిపోతే కుటుంబానికి సాయం. పిల్లల చదువుకు సాయం. కార్మికులు ప్రధానంగా అడిగిన పర్మనెంటు ఉద్యోగం ఆ జాబితాలో లేదు, అందుకే వాళ్ల పోరాటం ఆ రాత్రితో ముగియలేదు. కానీ ఈ పని మనిషి ఊపిరితిత్తులను తినేస్తుందని, వీళ్లు ఖాళీ కడుపుతో వీధులు ఊడుస్తున్నారని ప్రభుత్వమే ఒప్పుకున్న జాబితా అది. పదమూడు రోజులు ఫుట్‌పాత్ మీద కూర్చోకపోతే ఆ ఒప్పుకోలు వచ్చేదా?

ఆ రోజుల్లో చాలామంది అన్న మాట ఒకటుంది. "ఇది జీతాల గొడవ, యూనియన్ వ్యవహారం. దీనికీ ప్రజారోగ్యానికీ సంబంధం ఏమిటి? చెత్త పేరుకుని జనమే కదా ఇబ్బంది పడ్డారు?" కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. చెత్త పేరుకున్న మాట నిజం, ఇబ్బంది నిజం. అయితే ఆ ఇబ్బందే జవాబు కూడా. కొన్ని రోజులు వాళ్లు లేకపోతే వీధి రోగాల పుట్ట అవుతుందంటే, వాళ్ల పని ఈ నగరపు మొదటి వైద్యమన్నమాట. ఆ పని చేసే మనిషి రేపు ఉంటుందో లేదో తెలియకుండా, జబ్బు చేస్తే సెలవు లేకుండా, చేతి తొడుగులు లేకుండా బతుకుతుంటే, ఆ వైద్యం ఎన్నాళ్లు నిలుస్తుంది? పదేళ్లు ఒకే వీధిలో పనిచేసిన అక్కకు ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ మ్యాన్‌హోల్ మొదట పొంగుతుందో తెలుసు. ఆమెను తీసేస్తే ఆ జ్ఞానం కూడా ఆమెతోపాటే వెళ్లిపోతుంది. కాబట్టి ఆమె జీతం కోసం అడగడం మన బిడ్డల ఆరోగ్యం కోసం అడగడమే.

సామాన్యులు ఆరోగ్యం కోసం పోరాడటం మనకు కొత్త కాదు. మన నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకోండి. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిపూట అక్షరాలు దిద్దుకుంటున్న కూలి స్త్రీలు, వాచకంలో సారా గురించిన పాఠం చదివి, తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. ఇందులో రెండు పాఠాలున్నాయి. చదువురాని స్త్రీలు ప్రభుత్వ విధానాన్ని మార్చగలరు. సాధించిన దానికి కాపలా లేకపోతే అది చేజారుతుంది.

సంఘం ఇలాంటి పోరాటంలో ఎక్కడ నిలబడాలి? అమెరికాలోని మెంఫిస్ నగరాన్ని చూడండి. 1968 ఫిబ్రవరి 1న వాన పడుతుంటే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ వెనుక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి వాళ్లను నలిపేసింది. సుమారు 1,300 మంది నల్లజాతి కార్మికులు పని ఆపేశారు. వాళ్లు పట్టుకున్న అట్టల మీద ఉన్నది ఒకటే మాట, నేను మనిషినని. క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చిలో వాళ్లు కూడుకునేవారు, అక్కడినుంచే ఊరేగింపులు బయలుదేరేవి. బాప్టిస్టు కాపరి మార్టిన్ లూథర్ కింగ్ వాళ్లకు తోడుగా వచ్చి, ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే హత్యకు గురయ్యారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ను గుర్తించి, జీతాలు పెంచడానికి ఒప్పుకుంది. అక్కడ చర్చి ప్రార్థనతో ఆగలేదు. తలుపులు తీసి చోటిచ్చింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ బెజవాడ విల్సన్. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్లో, పాయిఖానాలు ఎత్తే పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. ఆయన మొదట చేసిన పని ఏమిటో తెలుసా? అధికారులకు ఉత్తరాలు రాయడం. జవాబు రాకపోతే పైవాళ్లకు రాయడం, పత్రికలకు రాయడం. ఆ ఉత్తరాల వెనుక తర్వాత సఫాయి కర్మచారి ఆందోళన్ అనే దేశవ్యాప్త ఉద్యమం నిలబడింది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. ఆ ఉద్యమం వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోవడం ఆగలేదు. చట్టం ఉంది, అడిగేవాళ్లు కావాలి.

ప్రియులారా, మన బైబిల్లో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం ఇంటికి వెళ్లాక చదవండి. పేర్ల జాబితాలా కనబడి చాలామంది దాటేసే అధ్యాయం అది. యెరూషలేము గోడను ఎవరెవరు ఏ భాగం కట్టారో అక్కడ ఉంది. యాజకులున్నారు, కంసాలులున్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లున్నారు, ఒక అధికారి కుమార్తెలున్నారు. కొందరు ఎవరి ఇంటి ఎదుట భాగాన్ని వాళ్లే కట్టుకున్నారు. పనిలో చేయి వేయని పెద్దల సంగతి కూడా దాచకుండా రాశారు. ఆ నగరపు చెత్త బయటికి వెళ్లే ద్వారం పేరు పెంట గుమ్మం. దాన్ని బాగుచేసింది ఎవరు? మల్కీయా అనే మనిషి. అతడు ఒక ప్రదేశానికి అధిపతి. ఆ ద్వారాన్ని బాగుచేయడానికి తక్కువ కులం వాణ్ణి వెతకలేదు. అధిపతే వెళ్లి తలుపులు నిలబెట్టాడు.

మన నగరానికీ పెంట గుమ్మం ఉంది. కులం పేరుతో దాని దగ్గర కొందరినే నిలబెట్టారు. దాన్ని బాగుచేయడం అందరి పని.

మరి మనం ఏం చేయాలి? యౌవనస్థులకు నాలుగు పనులు చెబుతాము.

మొదటిది, రాత పని. పెద్దతరం తెలుగు కార్మికుల్లో చాలామందికి తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. మీరు తమిళ బడిలో చదివారు. వారానికి ఒక సాయంత్రం చర్చి వరండాలో బల్ల వేసుకుని కూర్చోండి. వైద్య పథకానికి, పిల్లల స్కాలర్‌షిప్పుకు, పి.ఎఫ్. లెక్కలకు దరఖాస్తులు రాసిపెట్టండి.

రెండోది, లెక్క పెట్టడం. మీ వీధిలో చెత్త బండి ఏ రోజు వచ్చింది, ఏ కాలువ ఎన్ని రోజులు పొంగింది, ఎంతమందికి జ్వరం వచ్చింది, ఒక నోటుబుక్కులో రాయండి. చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913. ఫోను చేసి, ఫిర్యాదు నంబరు కూడా అదే పుస్తకంలో రాయండి. నెల రోజుల లెక్క చేతిలో ఉంటే వార్డు కౌన్సిలరు మిమ్మల్ని తేలిగ్గా పంపేయలేరు.

మూడోది, సమాచార హక్కు. 2005 చట్టం కింద పది రూపాయల రుసుముతో ఎవరైనా అడగొచ్చు. మా వార్డు కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు చివరిసారి ఎప్పుడు ఇచ్చారు? వైద్య పరీక్షలు ఎప్పుడు చేయించారు? కాంట్రాక్టు షరతుల్లో వాటి గురించి ఏముంది? ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉండాలి.

నాలుగోది, తలుపు తీయడం. తెల్లవారుజామున పనికి వచ్చే స్త్రీలకు మరుగుదొడ్డి లేదు, బట్టలు మార్చుకునే చోటు లేదు, కూర్చుని అన్నం తినే నీడ లేదు. వారమంతా తాళం వేసి ఉండే చర్చి ఆవరణల్లో ఈ మూడూ ఉన్నాయి. కాపరులతో, పెద్దలతో మాట్లాడండి. ఆ తాళం తీయించండి. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు.

స్వస్థత కోసం ప్రార్థించే సంఘం మనది. ఆ ప్రార్థన ఆపమని ఎవరూ అనరు. ఏ కాలువ పక్కన ఆ జబ్బు మొదలైందో కూడా ఆ సంఘం చూడాలి. ఆ కాలువ తీసే మనిషి ఆరోగ్యం కోసం కూడా అడగాలి. దేవుణ్ణి అడగాలి, కార్పొరేషన్‌నూ అడగాలి.

వచ్చే వారం నుంచే రాత బల్ల మొదలుపెడదాం. పేర్లు ఇచ్చేవాళ్లు కూటం అయ్యాక ఉండండి. ప్రభువు మిమ్మును దీవించును గాక.