సారె పద్దులో వ్రాయని పేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాసికొని, రాత్రులయందు ఈ గ్రంథాలయపు భారత భాగవతములను నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివికొన్నవాడను. నా మాటలలో సగము పద్దులు, సగము పురాణము ఉండినచో క్షమింతురుగాక. "మన గోదావరి సీమ కానుకలు, చేతిపనులు" అను విషయమును కార్యదర్శిగారు నాకొసగిరి.

మన యింటి ఆడపడుచు అత్తవారింటికి బోవునపుడు సారె పంపుదుము. చలిమిడి, సున్నుండలు, అరిసెలు, తాపేశ్వరపు మడతకాజాలు, కాకినాడ గొట్టపుకాజాలు, పసుపు కుంకుమలు, చీర. ఆ చీర ఉప్పాడ జాందానీ అయినచో వియ్యపురాలు రెండుమారులు మడత విప్పి చూచును. ఒకప్పుడు కావిళ్లపై బోయిన బుట్టలు నేడు ఆటోలలో బోవుచున్నవి; అంతియే భేదము. మా అమ్మాయి సారెకు పద్దు వ్రాసినవాడను నేనే. అందు సరకు కలదు, ధర కలదు, మోసినవాని కూలియు కలదు. చేసినవారి పేరు మాత్రము లేదు.

ఆత్రేయపురపు పూతరేకును చూడుడు. పొయ్యిమీద గుండ్రని కుండను బోర్లించి, దాని లోపల ఎండుటాకులు మండింతురు. నానబెట్టిన బియ్యమును మెత్తగా రుబ్బి, పాలవలె పలుచన చేయుదురు. అందు పలుచని గుడ్డను ముంచి కుండపై ఒక్క లాగు లాగినంతనే పొర విచ్చి రేకగును. చేయి ఆలసించినచో మాడును. పిండి చిక్కనైనచో అది రేకు గాదు, అట్టు. ఒక చేతితో మంటకు ఆకు అందించుచు, ఒక చేతితో గుడ్డ లాగుచు ఆ యిల్లాలు రోహిణికార్తెలో సైతము నిప్పుల యెదుటనే కూర్చుండును. వేరొక యామె ఆ రేకులను తడిగుడ్డతో మెత్తబరచి, నేయి రాచి, చక్కెరపొడిగాని బెల్లపుపొడిగాని చల్లి మడచును. మన నోట అది కరుగుటకు పట్టుకాలము మీకు తెలియును. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. మిక్కిలి సంతోషము. ఆ గుర్తింపు ఊరి పేరునకు వచ్చినది. నిప్పుల యెదుట కూర్చున్న యామె పేరు ఏ పెట్టెమీదను నేను చూడలేదు.

భాగవత దశమస్కంధమున కుచేలుని కథ మన మందరము ఎరిగినదే. అటుకులు తిన్న కృష్ణుని, తెచ్చిన కుచేలుని తలంతుము. సంస్కృత మూలమున ఆ యటుకులు ఇంటనున్నవి గావు. ఇల్లాలు ఇరుగుపొరుగు విప్రులను యాచించి నాలుగు గుప్పెళ్లు తెచ్చి, చింపిగుడ్డలో మూటగట్టి మగని చేతికిచ్చినది. కానుక ఆయనదైనది. యాచించిన చేయి ఆమెది. ఈ సంగతి నాకు నలువదేండ్లు దాటిన పిమ్మటగాని తోచలేదు. ఏల తోచలేదో చెప్పెదను.

నరసాపురపు లేసు అల్లికను 1844 ప్రాంతమున మెక్రే అను స్కాట్లండు మతబోధక దంపతులు ఇచట నేర్పినట్లు చెప్పుదురు. దూది నూలు, చిన్న కొక్కెపు సూది, రెండు కన్నులు. అంతకుమించి సాధనము లేదు. ఒకరు పువ్వులల్లుదురు, వేరొకరు వానిని కలిపి అతుకుపని చేయుదురు. అరుగులమీద అల్లిన గుడ్డలు ఓడలెక్కి పరదేశముల బల్లలమీద పరచుకొన్నవి.

మా తల్లి యా పని చేసెడిది. ఏజెంటు నూలుబంతులు తూచి యిచ్చి, అల్లిక తూచి పుచ్చుకొనెడివాడు. 1991 జనాభా లెక్కలవారు మా యింటికి వచ్చినపుడు, మా అమ్మ వృత్తి యేమని యడిగిరి. "ఏమియు లేదు, ఇంటియందే యుండును" అని చెప్పినవాడను నేనే. అమ్మ అరుగుమీద కూర్చుండి వినుచున్నది. వారు వెడలిన పిదప చేతిలోని సూది ఆపకయే, "ఏమీ లేదా నాయనా? మరి ఇదేమిటి?" అన్నది. నేను నవ్వి ఊరకుంటిని.

ఆమె పోయిన పిమ్మట మా నాయనగారి పాత పద్దుపుస్తకములు తిరుగవేసితిని. దూడ కొన్నది కలదు, కొబ్బరికాయలమ్మినది కలదు. నా పదవతరగతి పరీక్ష రుసుము, పుస్తకముల వెల ఎచటను లేవు. ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చెనో నాకు తెలియును. వంటింటి పోపులడబ్బాలోనిది.

మేరియా మీస్ అను జర్మను విదుషి ఈ నరసాపురపు స్త్రీలనుగూర్చియే 1982లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించినది. వర్తకులు దీనిని తీరికవేళల కాలక్షేపమనుచుండగా, ఇది పూర్తి శ్రమయనియు, వచ్చు కూలి పొలముకూలికంటెను తక్కువ యనియు ఆమె చూపినది. సముద్రములు దాటి వచ్చిన యామె చూచినది, అదే గడపలో పుట్టి లెక్కలే వృత్తిగా గల నేను చూడలేకపోతిని. 2024లో నరసాపురపు లేసునకును భౌగోళిక గుర్తింపు వచ్చినది. అమ్మ ఉండినచో ఆ వార్త చదివి వినిపించియుందును.

నేటి యుత్సవమునకు గ్రంథాలయమునకు వచ్చిన కానుకల పట్టిక వ్రాయు పని నాకే యప్పగించిరి. దాత, వస్తువు, విలువ అని మూడు గడులుండెను. కార్యదర్శిగారి అనుమతితో నాలుగవ గడి గీచితిని: చేసినవారు. అధ్యక్షులవారి యెదుట బల్లపై పరచిన లేసుగుడ్డ అల్లిన యామె పేరు అందు మొదట వ్రాసితిని; ఆమె యీ సభలోనే, వెనుక వరుసలో నున్నది. పూతరేకుల పెట్టెలు తెచ్చిన పెద్దమనిషిని అడుగగా, చేసినదెవరో తెలియదు, కనుగొని రేపు చెప్పెదననిరి. ఆ గడి ఖాళీగా నుంచితిని.