టేసనా? స్టేషనా?



ఏ ఊరి గ్రంథాలయములోనైనను సాయంకాలమున పత్రికల బల్ల చుట్టును నలుగురు చేరినచో ఒక తగవు పుట్టుట వాడుక. రైళ్ల షెడ్యూలు మారినదని పెద్దాయన యొకరు పైకి చదువుదురు. ‘షెడ్యూలు కాదు తాతయ్యా, స్కెడ్యూలు’ అని అమెరికాలో ఉద్యోగము చేయుచు సెలవులకు వచ్చిన మనుమడు దిద్దును. ‘మా మాస్టారు బెత్తము పట్టి నేర్పినది షెడ్యూలేరా అబ్బాయీ’ అని తాత. అరుగుమీద కూర్చున్న రైతు, ‘ఏ డూలయితే ఏమండీ, బండి టేసనుకి ఎన్నింటికొస్తుందో చెబుదురూ’ అనును. అందరును నవ్వుదురు.

చిత్రమేమనగా, ఆ మాట ప్రాచీన ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోనికి వచ్చిననాడు అందు షకారమును లేదు, ‘స్క’యును లేదు, ఉన్నది ఒట్టి సకారమే. పిమ్మట పండితులు లాటిను, గ్రీకుల మీది మక్కువచే అక్షరక్రమమును మార్చిరి. గ్రీకు మూలమును చూపి ‘స్క’ యనవలెనని చెప్పినవాడు అమెరికా నిఘంటుకర్త నోవా వెబ్‌స్టరు. పూర్వులు వచ్చి విన్నచో తాతను, మనుమని ఇద్దరిని దిద్దియుందురు.

ఇంగ్లీషు పుట్టినింటను ఈ తగవు తీరలేదు. లండనులోని బి.బి.సి. రేడియోవారు వార్తలు చదువువారికి దారి చూపుటకై 1926లో ఒక ఉచ్చారణ సంఘమును నిలిపిరి. ముందు రాబర్టు బ్రిడ్జెస్ అను కవియు, 1930 నుండి నాటకకర్త బెర్నార్డు షాయును అధ్యక్షులైరి. కోరపంటికి సంబంధించిన ‘కెనైన్’, ‘కేనైన్’ అను రెండు పలుకుబడులపై అచట జరిగిన వాదమును ఆ సంఘ సభ్యుడైన అలిస్టర్ కుక్ కథగా చెప్పుచుండెడివాడు. వృత్తిలో నిత్యము వాడువారి మాటయే ప్రమాణమనియు, తన దంతవైద్యుడు ‘కేనైన్’ అనుననియు షా పలికెనట. అట్లయిన ఆ వైద్యుడు అమెరికావాడై యుండునని ఒక సభ్యుడు ఆక్షేపించెను. అందువలననే ఈ వయస్సున తన పండ్లన్నియు నిలిచియున్నవని షా బదులు చెప్పెనట! 1939లో యుద్ధము వచ్చి ఆ సంఘపు పని ఆగినది. వాదము మాత్రము ఆగలేదు.

1937లో వచ్చిన ‘షల్ వియ్ డాన్స్’ అను అమెరికా చలనచిత్రములో టమాటా పేరును ఇద్దరు ప్రేమికులు రెండు విధముల పలికి విడిపోవుదమా యని పాడుకొందురు. ఆ మాట మెక్సికో ఆదివాసుల నహువాటుల్ భాషలోని ‘టొమాట్ల్’ నుండి వచ్చినది. ఆ మూలపు పలుకు ఇద్దరికిని రాదు. మనవారిలో కొందరు రామములక్కాయ యని ఆ చిక్కే లేకుండ చేసికొనిరి.

ఇట్టి తగవులు సమానుల నడుమ సాగినంతవరకు వేడుకయే. కాని ‘ఇస్కూలు’ అన్న తల్లిని చూచి కొడుకు పదుగురిలో నవ్వినచో, ఆ తల్లి మరునాడు పంతులుగారితో మాటలాడుటకు బడి గడప త్రొక్కదు. పిల్లవాని చదువు ఎట్లున్నదో అడుగవలసిన ఒక్క నోరు మూతపడును. ఆ కొడుకునకు ఇంగ్లీషు రాకపోవుట లోపము కాదు. తెలుగు వ్యాకరణము తెలియకపోవుటయే లోపము.

ఏలయన, స్తంభము కంబమైనది, స్నేహము నెయ్యమైనది. వీనిని తద్భవములని గౌరవింతుము. స్టేషను టేసనగుట ఆ బాటయే కదా! స్త్రీ శబ్దమునకు ప్రాకృతములో ముందు ఇకారము చేరి ‘ఇత్థి’ అయినది. మన కావ్యములలో ‘ఇంతి’యై వెలసినది. ‘ఇంతి’ యని చదివి మురియువారు ‘ఇస్కూలు’ అని విని నవ్వుటకు కారణము కానరాదు. జమ, వసూలు, రసీదు అను మాటలు అరబ్బీ, పారసీకముల నుండి వచ్చినవే. ఆ దేశస్థులు మన పలుకు విన్నచో ఏమందురో! గ్రామపు లెక్కలకు మాత్రము దానివలన దమ్మిడీ తేడా రాలేదు.

తాతామనుమలు నిఘంటువు తెప్పించి చూచినచో అందు రెండు పలుకుబడులును ఉండును. వారు పుట తిరుగవేసి ఎవరిది ముందున్నదని మరల తగవు మొదలిడులోపల, రైతు టేసను చేరి, టిక్కట్టు కొని, కిటికీ ప్రక్కను కూర్చుండియుండును.