వార్డెన్ సంతకం బిడ్డ సమ్మతి కాదు

(ఆరోగ్య పరిశోధన, పౌరహక్కులు అనే అంశంపై మధురానగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య పరిశోధనలో నైతికత గురించి మాట్లాడాలంటే ముందుగా ఖమ్మం జిల్లాను గుర్తుచేసుకోవాలి. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా అది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేపట్టిన ఆ అధ్యయనంలో దాదాపు 14 వేల మంది బాలికలున్నారు. వారిలో ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లలో చదువుకునే పిల్లలు ఎందరో. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆగిపోయింది.

ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణ సంఘం తేల్చలేదు. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మా ప్రశ్న కూడా కాదు. సమ్మతి ఎవరు ఇచ్చారన్నదే ప్రశ్న. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన 72వ నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లిదండ్రులు బతికుండగానే వారి స్థానంలో ఒక ఉద్యోగి కలం నిలబడింది.

ఇది అడవి ప్రాంతపు కథ అనుకుని మనం నిశ్చింతగా ఉండలేము. ఈ మధురానగర్ చుట్టూ యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్, బోరబండ, కృష్ణానగర్ ఉన్నాయి. షూటింగులకు వెళ్లే రోజుకూలీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే మహిళలు ఉన్నారు. మన బస్తీల్లో వార్డెన్ మరో రూపంలో ఉండవచ్చు: బస్తీ పెద్ద, మసీదు కమిటీ అధ్యక్షుడు, చివరకు భర్త. పరిశోధకులకు పెద్దలు తలుపు తెరవవచ్చు, మాట్లాడించవచ్చు. కాని ఒక మహిళ శరీరంపై జరిగే పరిశోధనకు ఆమె బదులు 'సరే' అనే అధికారం వారెవరికీ లేదు.

చట్టం మన పక్షాన ఉంది. 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం వివరాలు పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారి విషయంలో నిష్పాక్షిక సాక్షి ఉండాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, పరిహారం ఇవ్వాలి. నైతిక సంఘంలో కనీసం ఏడుగురు సభ్యులు, వారిలో సగం మంది సంస్థకు బయటివారు ఉండాలి. ఒక మహిళ, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి.

కాబట్టి పరిశోధనను తరిమివేయమని మేము చెప్పడం లేదు. మనం లేకుండా తయారైన మందు మన జబ్బులకు ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. మేము కోరేది మూడే. ఉర్దూ మాట్లాడే ఇంటికి ఉర్దూలోనే పత్రం రావాలి, దాని ప్రతి ఆ ఇంట్లోనే ఉండాలి. నైతిక సంఘంలోని సామాన్య పౌరుడి స్థానం బస్తీవాసులకూ దక్కాలి. మన రక్తం తీసుకుపోయినవారు ఫలితం చెప్పడానికి మళ్లీ మన గడప తొక్కాలి.

ఎవరైనా పత్రం చేతికిచ్చి సంతకం పెట్టమంటే ముందు అడగండి: ఇది చికిత్సా, పరిశోధనా? కాదంటే నా వైద్యం ఆగిపోతుందా? ఆగకూడదు. మధ్యలో మానుకునే హక్కు కూడా మీదే. ఈ మాట ఇవాళే మీ ఇంట్లో ఆడపిల్లలకు చెప్పండి.